ధర తగ్గినా తీరని సందిగ్ధం

కోల్‌కతా: పెద్ద ఎస్‌యూవీలపై జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబర్ 22న 40 శాతానికి తగ్గింది. మరునాడే కుండపోత వర్షం కోల్‌కతా వీధులను ముంచెత్తింది. ఎత్తైన వాహనం కొనదలచిన కుటుంబాలకు ఈ రెండు పరిణామాలూ ఒక పాత ప్రశ్నను మళ్లీ గుర్తుచేశాయి. కొత్త టయోటా ఫార్చ్యూనరా, చేతులు మారిన ఫోర్డ్ ఎండీవరా?

రెండూ ఏడుగురు కూర్చునే వాహనాలే. రెండూ లారీల మాదిరి విడి ఛాసిస్‌పై నిర్మించినవే. దేశీయ విపణిలో ఎండీవర్ 2003లో, ఫార్చ్యూనర్ 2009లో ప్రవేశించాయి. ఎండీవర్ 800 మిల్లీమీటర్ల లోతు నీటిలోనూ సాగగలదని కంపెనీ ప్రకటించుకుంది. అయితే 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ దేశంలో కార్ల తయారీకి స్వస్తి పలుకుతున్నట్లు ప్రకటించింది. సర్వీసు, విడిభాగాల సరఫరాపై హామీ ఇచ్చినప్పటికీ కొనుగోలుదారుల శంక తీరలేదు.

బెంగళూరు సమీపంలోని బిడదిలో తయారయ్యే ఫార్చ్యూనర్‌కు ఆ బెడద లేదు. పన్ను తగ్గింపుతో దాని ధర 3.49 లక్షల రూపాయల వరకు దిగివచ్చింది. అయినా పాత ఎండీవరే చౌక. కాని అది వరదనీటిలో మునిగినదేమో ముందుగా పరిశీలించుకోవాలి. వైరింగ్‌లోకి చేరిన నీటి దుష్ఫలితం కొన్ని నెలలకుగాని బయటపడకపోవచ్చు. అప్పుడు ధరలో మిగిలినదంతా మరమ్మతులకే ఖర్చవుతుంది.