గ్రాఫిక్స్ కార్డు: ఒకటా, రెండా?

గేమింగ్ కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది మానిటర్‌ను. 1920×1080 తెరపై ఒక్కో ఫ్రేముకు సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు గీయాలి. 4కె తెరపై దానికి నాలుగు రెట్లు.

రెండు కార్డులు జోడిస్తే వేగం రెట్టింపవుతుందన్న ఆశ పాతదే. 1998లో 3డిఎఫ్ఎక్స్ సంస్థ వూడూ2 కార్డులను అలా జతచేసింది. 2004లో ఎన్విడియా ఎస్ఎల్ఐ పేరుతో ఆ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోసింది. సాధారణంగా రెండు కార్డులూ వంతులవారీగా ఫ్రేములు గీసేవి. ఆ ఫ్రేముల మధ్య ఎడం సమంగా ఉండక, అంకెల్లో వేగం పెరిగినా కంటికి కుదుపు తెలిసేది. మెమరీ కూడా కలిసేది కాదు. ఒకే దృశ్య సమాచారం రెండింటిలోనూ ఉండాలి కనుక, 8 జీబీ కార్డులు రెండున్నా ఆటకు దక్కేది 8 జీబీయే. పైగా కొత్త ఆటల్లో ప్రతి ఫ్రేమూ ముందటి ఫ్రేముల సమాచారాన్ని వాడుకుంటుంది. వంతుల పద్ధతి అక్కడే దెబ్బతింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090కి జతచేసే కనెక్టరే లేదు.

కాబట్టి బడ్జెట్ మొత్తాన్నీ ఒకే మంచి కార్డుపై పెట్టడమే సరైన పని. కరెంటు లెక్క మాత్రం మరవకూడదు: ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు చాలు, 4090కి 450 కావాలి. పవర్ సప్లై, క్యాబినెట్ పొడవు, గాలి వచ్చిపోయే దారి చూసుకున్నాకే కొనాలి.