కత్తి తగిలితే పాకుతుందా?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో ఎవరికైనా కడుపులో గడ్డ ఉందని తెలిస్తే, పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకరైనా ఈ మాట అంటారు: "కత్తి తగిలిందంటే పాకుద్ది. ముట్టుకోకపోతేనే నాలుగు రోజులు బతుకుతాడు." ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట నమ్మి ఆపరేషన్ మానుకుంటే, నయమయ్యే జబ్బు కూడా చేయి దాటిపోతుంది. జీర్ణాశయం, పెద్దపేగు, క్లోమం, పిత్తాశయం, అండాశయం వంటి వాటిలో పుట్టే క్యాన్సర్ గడ్డలను పూర్తిగా నయం చేయాలంటే నేటికీ చాలావరకు ఆపరేషనే ప్రధానమైన దారి.

ఈ భయం ఊరికే పుట్టలేదు. సీటీ స్కాన్ లేని రోజుల్లో జబ్బు ఎంతవరకు పాకిందో పొట్ట తెరిస్తే తప్ప తెలిసేది కాదు. అప్పటికే కాలేయానికో, పొట్ట లోపలి పొరకో చేరి ఉంటే సర్జన్ ఏమీ తీయకుండానే కుట్లు వేసేవారు. కొద్ది నెలల్లో రోగి పోయేవాడు. చుట్టూ ఉన్నవాళ్లకు కత్తి గాటు కనిపించింది. అంతకుముందే లోపల జరిగిపోయింది కనిపించలేదు. ఇప్పుడు ముందుగా స్కాన్ తీస్తారు. జీర్ణాశయ క్యాన్సర్‌లోనైతే చాలాసార్లు చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి, స్కాన్‌కు దొరకని మచ్చల కోసం కూడా వెతుకుతారు. గడ్డ పెద్దదైతే ముందు కొన్ని విడతల కీమో ఇచ్చి, ఆ తర్వాతే ఆపరేషన్ చేయవచ్చు. అది వైద్యంలో భాగమే, కాలయాపన కాదు.

అయితే గడ్డను ఎలా ముట్టుకుంటారన్నది ముఖ్యమే. క్యాన్సర్ అనుమానం ఉన్న అండాశయ గడ్డను సూదితో పొడిచి నీరు తీయడం మంచిది కాదు, కణాలు పొట్టలోకి ఒలకవచ్చు. అందుకే దాన్ని చిట్లకుండా తీయాలని చూస్తారు. రాళ్ల కోసం తీసిన పిత్తాశయాన్ని కూడా బయాప్సీకి పంపమని అడగాలి. అందులో క్యాన్సర్ బయటపడడం అరుదే అయినా జరుగుతుంది. ఎండోస్కోపీతో పేగు నుంచో, జీర్ణాశయం నుంచో తీసే చిన్న ముక్క వల్ల జబ్బు పాకుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అనే సర్జన్, తెరెసా హెల్లర్ అనే 43 ఏళ్ల స్త్రీ జీర్ణాశయంలో క్యాన్సర్ ఉన్న భాగాన్ని కోసి తీసి, మిగిలిన భాగాన్ని పేగుకు కలిపి కుట్టాడు. అలాంటి ఆపరేషన్ తర్వాత రోగి కోలుకోవడం అదే మొదటిసారి. ఆమె మళ్లీ తినగలిగింది, ఇంటికి వెళ్లింది. సుమారు నాలుగు నెలలకు చనిపోయింది. కుట్లు బాగానే అతుక్కున్నాయి, జబ్బే తిరగబెట్టింది.

కనిపించే గడ్డను తీస్తే సరిపోదని అలా తెలిసొచ్చింది. ఇప్పుడు గడ్డతోపాటు చుట్టూ కొంత మంచి కండను, ఆ అవయవానికి చెందిన లింఫు గ్రంథులనూ తీస్తారు. పెద్దపేగు ఆపరేషన్‌లో కనీసం 12 గ్రంథులు పరీక్షకు రావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం. అంతకన్నా తక్కువ చూసి "గ్రంథుల్లో జబ్బు లేదు" అంటే పూర్తిగా నమ్మలేం. అంచులు శుభ్రంగా ఉన్నాయా, ఎన్ని గ్రంథులు చూశారు, ఎన్నింటిలో జబ్బు ఉంది అన్న మూడు సంగతులూ బయాప్సీ తుది రిపోర్టులో ఉంటాయి. తర్వాత కీమో కావాలా వద్దా అన్నది చాలావరకు దాన్ని బట్టే తేలుతుంది. డిశ్చార్జి నాటికి అది రాకపోవచ్చు. వారం తర్వాత మళ్లీ వెళ్లయినా తెచ్చుకుని జాగ్రత్త చేయాలి.

మెట్టలో ఆలస్యానికి మిరప కోతలూ ఒక కారణమే. కోతలు అయ్యాక చూద్దామనుకుంటారు. ఈలోగా మలంలో రక్తం పడితే మొలలంటారు, అన్నం సయించకపోతే గ్యాస్ మాత్రలు మింగుతారు, కామెర్లకు పసరు పోయించుకుంటారు. యాభై దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, బరువు తగ్గుతుంటే, క్లోమంలోని గడ్డ పిత్తనాళాన్ని నొక్కుతోందేమో చూడాలి. అలాంటప్పుడు పసరుతో పోయే వారాలు తిరిగి రావు.

ఎక్కడ చేయించుకోవాలన్నది డబ్బుతోనూ దూరంతోనూ మాత్రమే తేలే విషయం కాదు. అమెరికాలో వృద్ధ రోగుల లెక్కలతో 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, క్లోమం ఆపరేషన్లు చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16 శాతం దాటితే, తరచుగా చేసే చోట్ల 4 శాతం లోపే ఉన్నాయి. కాబట్టి "ఈ ఆపరేషన్ మీ దగ్గర ఏడాదికి ఎన్ని చేస్తారు డాక్టరుగారూ?" అని అడగడం అమర్యాద కాదు. జగ్గయ్యపేట నుంచి విజయవాడ 80 కిలోమీటర్ల లోపే. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో సాయంతో కట్టిన క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. అటువైపు హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం ఆసుపత్రులున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లు ఉన్నాయి. చేరేముందే ఆ ఆసుపత్రి పథకం కింద ఉందో లేదో కనుక్కోవాలి.

మత్తంటే భయపడేవారికి ఒక హైదరాబాద్ సంగతి. 1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు క్లోరోఫాం మీద జంతువులతో పెద్ద ప్రయోగాలు చేయించాడు. ముందు ఆగేది ఊపిరేనని, దాన్ని కనిపెట్టుకుంటే చాలని తేల్చాడు. గుండె కూడా నేరుగా ఆగిపోగలదని ఆ తర్వాత రుజువైంది. అందుకే నేటి ఆపరేషన్ థియేటర్లో ఊపిరినీ, గుండెనూ, రక్తంలోని ఆక్సిజన్‌నూ క్షణక్షణం చూస్తూనే ఉంటారు. రోగి చేయాల్సిందల్లా చుట్ట, బీడీ కనీసం నాలుగు వారాల ముందు మానడం, షుగర్‌ను అదుపులో పెట్టడం, వేసుకునే మందులన్నీ, నాటుమందులతో సహా, దాచకుండా చెప్పడం.

"ఆయనకు చెప్పొద్దండీ, తట్టుకోలేరు" అని కొడుకులు డాక్టరును బతిమాలుకుంటారు. ఆ బాధ అర్థమయ్యేదే. కానీ స్పృహలో ఉన్న పెద్దవారి ఆపరేషన్‌కు సమ్మతి ఇవ్వాల్సింది వారే. మత్తులో ఉన్న మహిళ గర్భాశయాన్నీ, అండాశయాలనూ తల్లి సమ్మతితో తీసేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. పేగు ఆపరేషన్‌లో పొట్ట పక్కన మలం సంచి పెట్టాల్సి రావచ్చని, అది కొన్నాళ్లకేనా జీవితాంతమా అని, ముందే రోగితో మాట్లాడాలి. లేచేసరికి సంచి కనిపిస్తే ఆ మనిషి పడే క్షోభ గాయం నొప్పికన్నా పెద్దది.

ఆపరేషన్ తర్వాత మన ఇళ్లలో పెట్టే పత్యం మేలు కన్నా కీడే చేస్తుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వద్దని గంజితో నెట్టుకొస్తారు. గాయం మానాలంటే మాంసకృత్తులే కావాలి. డాక్టరు తినమన్న రోజు నుంచి పప్పు, గుడ్డు, పెరుగు పెట్టాలి. జీర్ణాశయం పూర్తిగా తీసినవారు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, జీవితాంతం బి12 ఇంజెక్షన్లు వేయించుకోవాలి. మంచం మీదే ఉంచితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక వీలైతే మర్నాడే నడిపిస్తారు, కొందరికి నాలుగు వారాలు ఇంజెక్షన్లు రాస్తారు. ఇంటికి వచ్చాక జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, ఒక పిక్క వాయడం, ఆయాసం కనిపిస్తే ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి.

పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారి తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. నలభయ్యో ఏట, లేదా ఇంట్లో జబ్బు బయటపడ్డ వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోమంటారు. తండ్రికి 45 ఏళ్లకు వస్తే కొడుకు, కూతురు 35 ఏళ్లకే చేయించుకోవాలి. క్యాన్సర్‌గా మారకముందే దొరికిన పిలకలను చాలావరకు కొలనోస్కోపీ గొట్టంతోనే, పొట్ట కోయకుండా తీసేయవచ్చు.