కూతకు ఖర్చెంత?

(వ్యాసకర్త: బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి, కళాశాల కబడ్డీ జట్టు సభ్యుడు)

"చెడుగుడుకు బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు. గుండెలో ఊపిరి, ఒంట్లో సత్తువ, కాళ్ళ కింద మెత్తటి మన్ను ఉంటే చాలు. మరి మీకు డబ్బు దేనికోయ్?"

ఈ సంవత్సరం మమ్మల్ని ఈ ప్రశ్న అడగని వారు లేరు. హాస్టల్ మిత్రులు అడిగారు. లెక్చరర్లలో కొందరు అడిగారు. ఆఖరికి మా నాన్న కూడా అడిగాడు. అప్పుడు ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. విద్యార్థి సంఘం వారు సావనీరుకు ఏదైనా వ్రాయమన్నారు కనుక, ఇప్పుడు లెక్కతో సహా చెప్పదలచుకున్నాను. నేను కెమిస్ట్రీ చదివేవాణ్ణి. తూకం తప్పితే ప్రయోగం తప్పినట్టేనని మా ల్యాబులో చెబుతారు. ఆటల డబ్బు సంగతీ అంతే.

డబ్బు ఎక్కడికి పోతుంది?

కబడ్డీలో బరిలో దిగేది ఏడుగురే. కాని దెబ్బలు తగిలే ఆట కాబట్టి పన్నెండు మంది ప్రయాణం కట్టాలి. వారికి మేనేజరుగా పి.డి. మాష్టారు, ఒక సహాయకుడు. మొత్తం 14 మంది. అంతర్ కళాశాలల పోటీలకు నాలుగు రోజులు పోయి రావడానికి మేము వేసుకున్న అంచనా ఇది:

బస్సు ఛార్జీలు, రానుపోను మనిషికి రూ. 360 చొప్పున రూ. 5,040. భోజనాలు, రోజుకు రూ. 250 చొప్పున రూ. 14,000. ప్రవేశ రుసుము రూ. 1,500. జెర్సీలు పన్నెండు, ఒక్కొక్కటి రూ. 450 లెక్కన రూ. 5,400. మోకాలి పట్టీలు రూ. 1,800. టేపు, స్ప్రే, దూది, అయోడిను వగైరా ప్రథమ చికిత్స సామాను రూ. 1,260. వెరసి రూ. 29,000.

ఇందులో బూట్లు లేవు. అవి ఎవరివి వారే కొనుక్కోవాలి. మన్ను మీద ఆడినన్నాళ్ళూ బూట్ల గొడవ లేదు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆట అయింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చి ఆటను ఇంటింటి టీవీలోకి తెచ్చింది. పోటీల్లోకి మ్యాటూ వచ్చింది. మ్యాటు మీద వట్టి కాళ్ళతో ఆడితే చర్మం లేచిపోతుంది. మన్ను మీద అలవాటు పడ్డవాడు మ్యాటు మీద కాలు నిలదొక్కుకోవడానికే నాలుగు కూతలు పడుతుంది. ఆట పేదవాళ్ళదే, కాని ఇప్పుడు ఆట జరిగే చోటు పేదవాళ్ళది కాదు. "చెడుగుడుకు డబ్బు దేనికి?" అన్నవారికి నా మొదటి సమాధానం ఇది.

డబ్బు ఎందుకు తగ్గింది?

నిరుడు మా జట్టుకు కళాశాల నుండి రూ. 26,000 వచ్చింది. ఈ సంవత్సరం రూ. 8,000 మాత్రమే ఇవ్వగలమన్నారు. వినగానే మాకు కోపం వచ్చిన మాట నిజం. ఆఫీసులో కూర్చుని అడిగి తెలుసుకున్న తరువాత కోపం కొంత తగ్గింది, దిగులు పెరిగింది.

ఆటల నిధి ప్రధానంగా విద్యార్థులు కట్టే స్పెషల్ ఫీజులోని గేమ్స్ ఫీజు నుండి వస్తుంది. అనగా తలకింత. సీట్లు నిండకపోతే ఆ మేరకు నిధి తగ్గుతుంది. ఫీజు డబ్బు ఆలస్యంగా చేరితే ఆ సంవత్సరానికి లేనట్టే. కాని ఖర్చు అలా కాదు. కళాశాలలో వెయ్యి మంది చదివినా ఆరు వందల మంది చదివినా కబడ్డీ జట్టు పన్నెండు మందే. బస్సు టిక్కెట్టు ధర అదే. రాబడి తలల లెక్కన తగ్గుతుంది, ఖర్చు జట్ల లెక్కన నిలిచి ఉంటుంది. కాలవలో నీరు తగ్గినంత మాత్రాన చేను విస్తీర్ణం తగ్గదు గదా! శివారు చేను ఎండుతుంది. కళాశాల ఖర్చుల్లో ఆటలు శివారు చేను.

బయటి సాయమూ కొంత తగ్గింది. 2020 మార్చిలో రైల్వే వారు విద్యార్థులు, రోగులు, దివ్యాంగులు తప్ప మిగతా తరగతుల రాయితీలు నిలిపివేశారు. పోటీలకు వెళ్ళే ఆటగాళ్ళ రాయితీ అందులో పోయింది. విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికైన వారి ఖర్చు సాధారణంగా విశ్వవిద్యాలయమే భరిస్తుంది. భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపే పోటీలున్నాయి, 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలున్నాయి. కాని ఆ మెట్టు ఎక్కాలంటే ముందు కళాశాల జట్టులో ఆడి కనబడాలి. ఆ మొదటి మెట్టుకే డబ్బు లేదు.

మేము చేసిన తప్పు

సెప్టెంబరులో ఒక సాయంత్రం గ్రౌండులో కూర్చుని లెక్క వేశాం. 29,000లో 8,000 పోగా లోటు 21,000. పన్నెండు మందికి పంచితే తలకు 1,750. "సమానంగా వేసుకుంటే ఎవరికీ బాధ లేదు" అన్నాం. అందరం చేతులెత్తాం. నేనూ ఎత్తాను.

ఆదివారం ఇంటికి వెళ్ళి నాన్నను అడిగాను. సార్వా చేలకు ఎరువు చల్లే రోజులు. నాన్న నన్ను తిట్టలేదు. "డి.ఎ.పి. బస్తా 1,350, యూరియా బస్తా 266. మీ కూత ఖరీదు రెండు బస్తాల పైనే ఉందిరా అబ్బాయ్" అన్నాడంతే. ఇస్తానని గాని ఇవ్వనని గాని చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

సోమవారం ప్రాక్టీసుకు మా జట్టులో అందరికంటే మంచి రైడర్ రాలేదు. మంగళవారమూ రాలేదు. కాలు బెణికిందన్నాడు. ల్యాబుకు మామూలుగా నడిచి రావడం నేను చూశాను. హాస్టల్ గదికి వెళ్ళి నిలదీస్తే తల వంచుకుని, "మా అమ్మ కూలికి పోతే వచ్చేదెంతో నీకు తెలియదట్రా? ఊరికే వస్తే నలుగురిలో తలవంపులు. నన్ను వదిలెయ్యండి" అన్నాడు. మా ఊరికి వాడి ఊరు నాలుగు మైళ్ళు. నాకు తెలియకేం! తెలిసే చేయి ఎత్తాను. సమానంగా పంచడం న్యాయమనుకున్నాను. సమానమైన మొత్తం సమానమైన బరువు కాదని ఆ రాత్రి అర్థమైంది.

కాలవ పూడిక లెక్క

మరుసటి ఆదివారం ఈ సంగతి చెబితే నాన్న అన్న మాట ఇది. "మనం పంట కాలవ పూడిక తీసేటప్పుడు ఇంటికింత అని వేసుకుంటామా? ఎకరాల లెక్కన వేసుకుంటాం. చేతిలో డబ్బు ఆడని రైతు పార పట్టుకుని వస్తాడు. వాడి రోజులు వాడి వాటా కింద జమ. వాణ్ణి ఎవరూ చిన్నచూపు చూడరు, ఎందుకంటే పుస్తకంలో వాడి పేరుకు ఎదురుగా కూడా అంకె ఉంటుంది."

ఈ మాటను గ్రౌండుకు తీసుకొచ్చాను. పి.డి. మాష్టారు విని, మూడు పనులు వరుసగా చేయమన్నారు. ఈ వరుస ముఖ్యం కాబట్టి వివరంగా చెబుతాను.

మొదటిది, అడగకముందు తగ్గించుకోవడం. పోటీలు జరిపే కళాశాల హాస్టల్లో ఖాళీ గదులు అడిగి పుచ్చుకున్నాం. మా ఇళ్ళలో పండిన బియ్యం, పప్పు మూటలు కట్టి తెచ్చి, అక్కడి వంటమనిషికి కూలి ఇచ్చి వండించుకోవాలని నిర్ణయించాం. భోజనాల ఖర్చు 14,000 నుండి 7,000కు దిగింది. పాత జెర్సీల్లో చిరగనివి ఎనిమిది తేలాయి, కొత్తవి నాలుగే కుట్టించాం. అక్కడ 3,600 మిగిలింది. మొత్తం ఖర్చు 18,400. కళాశాల ఇచ్చిన 8,000 పోను లోటు 10,400. అనగా మేము మొదట భయపడిన దానిలో సగం కంటే తక్కువ.

రెండవది, వాటా. ఎవరికి వీలైనంత వారు కవరులో పెట్టి మాష్టారికి ఇవ్వాలి. ఎవరెంత ఇచ్చిందీ ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. డబ్బు ఇవ్వలేని వారు పని ఇవ్వాలి: బరి చదును చేయడం, నీళ్ళు చల్లడం, గీతలు వేయడం, సామాను భద్రం చేయడం. ఇంతకు ముందు గ్రౌండు పనికి బయటి మనిషిని పిలిచేవారు గనుక ఈ పనికి నిజంగానే విలువ ఉంది. అది పుస్తకంలో జమ పడింది. కవర్లలో వచ్చింది మొత్తం రూ. 6,000. నేను వేసింది 600, దసరా సెలవుల్లో ఊళ్ళో చేలకు మందు కొట్టి సంపాదించినవి. మా రైడర్ నాలుగో రోజున పార భుజాన వేసుకుని గ్రౌండుకు వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

మూడవది, బయట అడగడం. హాస్టల్ గదులన్నీ తిరిగి పాత పేపర్లు పోగు చేసి అమ్మితే రూ. 1,400 వచ్చింది. పూర్వ విద్యార్థుల నుండి రూ. 3,000 వచ్చింది. పెళ్ళిలో చదివింపులు చదివినట్టు, ఇచ్చినవారి పేరూ మొత్తమూ నోటీసు బోర్డు మీద పెట్టాం. దాని కిందనే ఖర్చు కూడా పెట్టాం. వంద రూపాయలు ఇచ్చినవారూ అందులో ఉన్నారు.

వద్దన్న డబ్బు

ఒక పెద్దమనిషి మొత్తం పదివేలు తానే ఇస్తానన్నారు. జెర్సీ మీద తన బొమ్మ వేయాలి, ఊళ్ళో ఫ్లెక్సీ కట్టాలి. సంక్రాంతికి మా పల్లెల్లో జరిగే కబడ్డీ పోటీలకు బహుమతులు దాతలే ఇస్తారు, అక్కడ పేరు వేయడం మామూలే. మాలో సగం మంది ఒప్పుకుందామన్నారు, వాళ్ళ మాటా కొట్టిపారేయదగ్గది కాదు. కాని వచ్చే ఏడు ఆయన ఇవ్వకపోతే? ఇంకొకరు వేరే బొమ్మతో వస్తే? జెర్సీ మీద కళాశాల పేరు తప్ప మరొకటి ఉండరాదని తీర్మానించుకున్నాం.

పెద్ద చోట్లలోనూ ఇదే కథ

ఇది మన పేద కళాశాలల బాధ మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రపంచంలోని ధనిక విద్యాసంస్థల్లో ఒకటి. అది కూడా 2020 జూలైలో తన 36 ఆటల్లో 11 ఆటల జట్లను తీసివేస్తామని ప్రకటించింది. కుస్తీ, పురుషుల వాలీబాల్ అందులో ఉన్నాయి. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు ఏకమై పోరాడి, విరాళాలు కూడగట్టిన మీదట 2021 మేలో ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నారు. ఆ దేశంలో క్లబ్బు ఆటలని వేరే పద్ధతి కూడా ఉంది. విద్యార్థులే సభ్యత్వ రుసుము వేసుకుని, తామే కోశాధికారిని ఎన్నుకుని జట్టును నడుపుకుంటారు. మంచి పద్ధతే. కాని రుసుము కట్టలేనివాడి సంగతి అక్కడా తేలవలసినదే.

మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో నూటికి రెండు వంతులు సామాజిక కార్యాలకు ఖర్చు పెట్టాలి. గ్రామీణ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. అయితే పన్నెండు మంది కుర్రవాళ్ళు వెళ్ళి అడిగితే ఏ కంపెనీ ఇవ్వదు. రిజిస్టరైన సంఘం కావాలి, పద్దులుండాలి, కొన్నేళ్ళ పని చూపించాలి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. కబడ్డీ జట్టులో ఆడేదీ ఏడుగురే. పూర్వ విద్యార్థులు తలచుకుంటే అది పెద్ద పని కాదు.

ఇంకొక తప్పు

మేము మా లోటు పూడ్చుకునే సందడిలో ఉండగా అమ్మాయిల ఖోఖో జట్టుకు ఈ సంవత్సరం ఒక్క రూపాయి కూడా కేటాయించలేదని మాకు తెలియనే తెలియదు. పోటీలు అయిపోయాక వాళ్ళ కెప్టెన్ మా క్లాసులో చెప్పింది. కోత ఎప్పుడు పడినా మొదట పడేది అటువైపే. మేము హాస్టల్ పేపర్లు అమ్మినప్పుడు వాళ్ళ హాస్టల్ నుండి కూడా కట్టలు వచ్చాయి. ఆ డబ్బులో వాళ్ళ వాటా మేము అడగకుండానే వాడుకున్నాం. దీనికి జవాబు నా దగ్గర లేదు. తప్పు ఒప్పుకుంటున్నాను.

మనవి

పోటీల్లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళి మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మా రైడర్ విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలకు పిలుపు అందుకున్నాడు. తలకు 1,750 అన్న తీర్మానం మీదనే నిలబడి ఉంటే ఆ పిలుపు రాకపోయేది.

సంఘం వారికి, పెద్దలకు మూడు మాటలు మనవి చేసుకుంటున్నాను. ఒకటి, ఆటల నిధి ఎంత వచ్చిందో ఏ జట్టుకు ఎంత ఇచ్చారో జూలైలోనే బోర్డు మీద పెట్టండి. లోటు ముందే తెలిస్తే పూడ్చుకునే దారులుంటాయి. రెండు, ఎంత కోత పడినా ఏ జట్టునూ సున్నా చేయవద్దు, ముఖ్యంగా అమ్మాయిల జట్లను. మూడు, కవర్ల పద్ధతిని, పని జమను అన్ని జట్లకూ వర్తింపజేయండి. ఇవేవీ కళాశాల బాధ్యతకు బదులు కావు. ఎల్లకాలం విద్యార్థులే మోయాలంటే మోయలేరు.

మా లెక్కల పుస్తకం పి.డి. మాష్టారి గదిలో ఉంది. మేము వెళ్ళిపోతున్నాం. జూనియర్లలో ఎవరు కావాలన్నా తీసి చూసుకోవచ్చు.