సమాచారం ఇల్లు మారే వేళ

ఏ వ్యాపారానికైనా లెక్కల పుస్తకమే ప్రాణం. ఒకనాడు ఆ పుస్తకం గుమాస్తా బల్లమీద ఉండేది. నేడు డేటాబేస్ అనే పేరుతో కంప్యూటరులో ఉన్నది. ఖాతాదారుల పేర్లు, బాకీలు, సరుకు నిల్వలు, జీతాలు మొదలైన వాటిని పట్టికలుగా అమర్చి, వాటి మధ్య సంబంధాలను నిర్వచించే పద్ధతికి 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ సిద్ధాంతరూపం కల్పించారు. అర్ధశతాబ్దం గడచినా వ్యాపార డేటాబేసులలో అధికభాగం ఆ పునాదిమీదనే నిలిచి ఉన్నాయి.

పునాది గట్టిదైనా దానిమీది ఇల్లు పాతబడక తప్పదు. ఉదాహరణకు, మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఎస్.క్యు.ఎల్. సర్వర్ 2014కు 2024 జూలైలో సాధారణ మద్దతును ముగించింది. అటువంటి గడువు దాటిన తరువాత బయటపడే భద్రతా లోపాలకు, ప్రత్యేక ఏర్పాటు చేసుకోనివారికి, మరమ్మతు అందదు. అందుచేత పాత వ్యవస్థను నవీకరించడమో, లేక ‘క్లౌడ్’కు తరలించడమో అవసరమవుతుంది. పేరులో మేఘమున్నా క్లౌడ్ ఆకాశంలో లేదు. అది వేరొక సంస్థ నిర్వహించే విశాలమైన కంప్యూటర్ భవనాలలో మనం అద్దెకు తీసుకునే చోటు మాత్రమే.

నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఈ దారి పట్టడానికి ఒక విపత్తు కారణం. 2008 ఆగస్టులో దాని డేటాబేస్ చెడిపోయి, మూడు రోజులపాటు ఖాతాదారులకు డీవీడీలు పంపలేకపోయింది. ఆ అనుభవంతో మొదలుపెట్టిన తరలింపు పూర్తి అయ్యేసరికి 2016 జనవరి వచ్చింది.

ఇంత కాలం ఎందుకు పడుతుంది? రాశి ఒక కారణం. క్షణానికి 100 కోట్ల బిట్లను మోసే తీగమీద 100 టెరాబైట్ల సమాచారం పంపడానికి, ఎక్కడా ఆటంకం లేకపోయినా, 9 రోజులకు పైగా పడుతుంది. అన్నాళ్ళు వ్యాపారం మూసి కూర్చోవడం సాధ్యం కాదు. కనుక ముందుగా పూర్తి నకలు పంపి, ఆ తరువాత పాతచోట జరిగే ప్రతి మార్పును వెంటవెంటనే కొత్తచోటికి చేరవేస్తారు. రెండూ సమానమైన పిమ్మట, రద్దీ లేని ఒక రాత్రి, పని అంతటినీ కొత్తదానిమీదికి మళ్ళిస్తారు.

ప్రయోగశాలలో ఒక ద్రవాన్ని పాత్ర మార్చినప్పుడు, ముందు ఎంత తూగిందో తరువాతా అంతే తూగిందా అని చూస్తారు. ఇక్కడా అంతే. వరుసల సంఖ్య, బాకీల మొత్తం, ప్రతి పట్టికనుంచి గణితసూత్రం ద్వారా రాబట్టే ‘చెక్‌సమ్’ అనే సంఖ్య, ఇవన్నీ రెండుచోట్లా సరిపోవాలి. అయితే తూకం ఒక్కటే చాలదు. ఇథైల్ ఆల్కహాలులోను, డైమిథైల్ ఈథరులోను ఉన్న పరమాణువులు ఒక్కటే: కార్బన్ 2, హైడ్రోజన్ 6, ఆక్సిజన్ 1. అణుభారం సమానమే. కాని సాధారణ ఉష్ణోగ్రతవద్ద ఒకటి ద్రవం, మరొకటి వాయువు. అమరిక మారితే గుణం మారుతుంది.

సమాచారానికీ ఈ ప్రమాదమున్నది. ‘03/04’ అనే తేదీ అమెరికాలో మార్చి 4; బ్రిటన్‌లోను, భారతదేశంలోను ఏప్రిల్ 3. అంకెలన్నీ భద్రంగా చేరినా అర్థం నెల దాటిపోవచ్చు. అక్షరాల సంగతీ అంతే. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ‘తెలుగు’ అనే మాటకు 18 బైట్లు కావాలి. అదే మాట ఇంగ్లీషు లిపిలో 6 బైట్లలో ఇముడుతుంది. పది బైట్ల గడిలో ఆ తెలుగుమాటను పెట్టబోతే కొన్ని వ్యవస్థలు దోషమని ఆపివేస్తాయి. కొన్ని తోక కత్తిరించి ‘తెల’ మాత్రమే మిగులుస్తాయి. రోమను లిపికి మాత్రమే ఉద్దేశించిన పాత గడిలోనైతే పేరంతా ప్రశ్నార్థక చిహ్నాల వరుస అయిపోవచ్చు. వరుసల లెక్క మాత్రం సరిగానే ఉంటుంది!

సమాచారం చక్కగా చేరినా కథ సుఖాంతం కావాలని లేదు. బ్రిటన్‌లోని టి.ఎస్.బి. బ్యాంకు 2018 ఏప్రిల్‌లో సుమారు 52 లక్షల ఖాతాదారుల వివరాలను కొత్త వ్యవస్థకు మార్చింది. వివరాలు క్షేమంగానే చేరాయి. కాని తెల్లవారి అందరూ ఒక్కసారిగా తలుపు తట్టేసరికి కొత్త వ్యవస్థ తట్టుకోలేకపోయింది. ఎందరో తమ సొమ్ము తామే చూసుకోలేని స్థితిలో పడ్డారు. అన్నీ చక్కబడేసరికి డిసెంబరు వచ్చింది. ఉన్న రెండు కంప్యూటర్ కేంద్రాలలో ఒకదానిమీదనే భారపరీక్షలు జరిపినట్లు 2019లో వెలువడిన స్వతంత్ర నివేదిక తెలిపింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు మించిన జరిమానా విధించాయి.

దుకాణమో, వైద్యశాలో, చిన్న సంస్థో నడుపుకొనే మన కుటుంబాలవారు తరలింపుకు పూనుకొన్నప్పుడు గుత్తేదారును మూడు ప్రశ్నలు అడగడం మేలు. అసలు సమాచారంతో, అసలు రద్దీతో పూర్వప్రయోగం చేశారా? కొత్తది విఫలమైతే పాతదానికి ఎన్ని గంటలలో తిరిగి రాగలరు? తాళాలు, అనుమతులు ఎవరి చేతిలో ఉంటాయి? క్లౌడ్ సంస్థ భవనానికి కాపలా కాస్తుంది. గది తాళం వేసుకోవలసినది అద్దెకున్నవారే. ఈ మూడింటికీ వ్రాతపూర్వకమైన సమాధానం చేతికి వచ్చేవరకు పాత యంత్రాన్ని ఆపివేయకపోవడమే శ్రేయస్కరం.