చూస్తూ ఊరుకున్నవాడు మన కథల్లో ఎక్కడ?

చాలా ఏళ్ల కిందట మందమర్రిలో ఒక కల్లు దుకాణం ముందు గుడాలమ్ముకునే ఆమె చెయ్యి పట్టుకొని తాగినవాడొకడు గుంజుతుంటే చూశాను. అక్కడ పదిహేను మందిమి ఉన్నాం. బాయి పని చేసేవాళ్లు, ఒక పంతులు, ఒక రచయిత. ఆ రచయితను నేనే. ఒక్కరమూ లేవలేదు. తర్వాత దాని మీద కథ రాశాను. అందులో దుర్మార్గుడున్నాడు, బాధితురాలుంది. మేం పదిహేను మందిమి లేము. ఆ కథలోని అబద్ధం అదే.

పిరికితనమని సరిపెట్టుకుంటే విషయం అర్థం కాదు. 1968లో డార్లీ, లతానే అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. వేరే గదిలోని మనిషికి మూర్ఛ వస్తున్నట్టు వినిపించారు. వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మూర్ఛ ఆగేలోపే సహాయానికి కదిలారు. మరో నలుగురూ వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే కదిలారు. అందరిదీ అనుకున్న బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

అయితే దీన్ని మానవ స్వభావమని ముద్ర వేయడమూ తప్పే. మూడు దేశాల వీధి కెమెరా దృశ్యాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, పది ఘర్షణల్లో తొమ్మిదింట ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. మా దుకాణం దగ్గర కూడా ఇద్దరు మగవాళ్లు కొట్టుకుంటే విడదీసేవాళ్లమే. ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే మాత్రం ‘ఆమె ఇక్కడికెందుకొచ్చింది?’ అనుకున్నాం. ఈ తేడా స్వభావానిది కాదు, మనలో మిగిలివున్న భూస్వామ్య సంస్కృతిది.

కనుకనే శిక్షణ అవసరం. కొన్ని దేశాల్లో బార్లలో పనిచేసేవాళ్లకు దీన్ని నేర్పుతున్నారు. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో 2016లో మొదలైన పద్ధతిలో, ఇబ్బందిలో ఉన్న మనిషి కౌంటరు దగ్గర ‘ఏంజెలా’ కావాలని అడిగితే చాలు, సిబ్బంది గ్రహించి ఆదుకుంటారు. చూసినవాళ్లకు నేర్పేవి కూడా సామాన్యమైన పనులే. ‘అక్కా, గుడాలెంత?’ అంటూ మధ్యలోకి వెళ్లి మాట మళ్లించడం. దుకాణం నడిపేవాణ్ణి లేపడం, 112కు ఫోన్ చేయడం. వీలైతే నేరుగా వద్దనడం. అంతా అయ్యాక ఆమెకేం కావాలో అడిగి, సాక్ష్యానికి నిలబడడం. మరొకరి శరీరాన్ని కాపాడే హక్కును భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ కూడా గుర్తిస్తుంది.

బొగ్గు గనిలోకి దిగే కార్మికుడికి శిక్షణ ఉండాలని 1966 నాటి నిబంధనలు చెప్తున్నాయి. బండ కూలితే ఎవరేం చేయాలో ముందే తెలియాలన్నది అందులోని ఇంగితం. ఆనాడు కల్లు దుకాణంలో కూర్చున్న కార్మికులకు భూమి కింద ఏం చేయాలో తెలుసు. భూమి మీద ఏం చేయాలో మాలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒంటిచేత్తో పదిమందిని కొట్టే సినిమా నాయకుడు ఈ శిక్షణకు పనికిరాడు. అతన్ని చూసి సామాన్యుడు ‘నావల్ల కాదు’ అని మరింత ఒదిగి కూర్చుంటాడు. మన సాహిత్యానికి కావలసింది లేచి నాలుగడుగులు వేసి గుడాల ధర అడిగే మనిషి. నా పాత కథను మళ్లీ రాస్తున్నాను. ఈసారి పదిహేను మందీ ఉంటారు, నాతో సహా.