కుటుంబపత్రములలోఁ గాఁపుటిల్లాలు

రాజుల చరిత్రకు శాసనములు గలవు. కవుల చరిత్రకు నాశ్వాసాంతగద్యలు గలవు. పందొమ్మిదవ శతాబ్దమునఁ గృష్ణా గోదావరీ మండలములలో నాట్లు వేసి, కోఁతలు కోసి, వడ్లు దంచి, బిడ్డలఁ బెంచి గతించిన కాఁపుటిల్లాలికి నేమి గలదు? కాఁపు శబ్ద మిచ్చటఁ గులవాచకము గాదు, కృషీవలుఁడని యర్థము. అట్టి యిల్లాలి జీవితము నింటఁ బడియున్న కాగితములనుండి యెంతవఱకుఁ దెలిసికొనవచ్చునో, యందు వలయు జాగ్రత్త లెవ్వియో యీ వ్యాసమున వివరించెదను.

కరణము వ్రాసిన లెక్కలలోఁ బట్టా సాధారణముగాఁ బురుషుని పేర నుండును. శిస్తు చెల్లించినవాఁడును నతఁడే. ఇంగ్లండులో 1841 మొదలు పేరుపేరున వ్రాసిన జనపరిగణనపు పట్టికలు నిలిచియుండుటచే నచ్చటి రైతుభార్యను బదేండ్ల కొకమాఱు వెదకి పట్టుకొనవచ్చును. మదరాసు రాజధానియందు 1871లో జనపరిగణనము జరిగినను, మనకు మిగిలినవి యచ్చుపడిన మొత్తములే. అందు స్త్రీలసంఖ్య యున్నది గాని స్త్రీ లేదు.

ఇంటి కాగితములలో నామె ఫలానావాని భార్యగానో, ఫలానావాని తల్లిగానో కనఁబడును. అనఁగా షష్ఠ్యర్థమైన సంబంధముచేతనే యామె తెలియుచున్నది. సంబంధము కారకము గాదనియు, దానికిఁ గ్రియతో నేరుగా నన్వయము లేదనియు వైయాకరణు లెఱుఁగుదురు. కావుననే యామె యెవరికి నేమగునో తెలియును గాని యేమి చేసెనో తెలియదు. కొడుకులు తర్పణము విడుచు నిండ్లలో మాతృ పితామహీ ప్రపితామహుల పేరులు మూఁడు తరములు నిలుచును. అచ్చట నామె ద్వితీయాంతము, అనఁగాఁ గర్మ. ఇఁక నామె కర్తయగుట యెచ్చట?

భర్త గతించిన పిమ్మట వ్రాయించిన దస్తావేజులలో. ఉమ్మడి కుటుంబమైనచో వితంతువునకు భూమి రాదు, మనోవర్తియే. ఆ మనోవర్తి పత్రములలో నేఁటి కెన్ని పుట్ల ధాన్యము, ఎన్ని చీరలు, ఇంట నే గది యను వివరము లుండును. భర్త విభక్తుఁడై పుత్రహీనుఁడుగాఁ బోయిన నాస్తి యామెకు వచ్చును. కాని జీవితకాలము మాత్రమే. అమ్మవలెనన్న ధర్మసమ్మతమైన యవసరమును జూపవలెను. బందరు కలెక్టరునకును గావలి వారికిని నడచిన వ్యాజ్యెమున 1861లోఁ బ్రివీ కౌన్సిలువారు, ఈ నిర్బంధము వారసుల కొఱకు మాత్రమే కాదనియు, నామె స్వత్వమునందే యిమిడియున్నదనియు నిర్ణయించిరి.

పురుషుఁ డమ్మునప్పుడు సొమ్ము ముట్టినదన్నఁ జాలును. ఆమె యట్లు గాదు. పెనిమిటి చేసిన యప్పు, అతని కర్మాంతరపు వ్యయము, బకాయిపడిన శిస్తు, కూఁతు పెండ్లి, చచ్చిన యెద్దునకు బదులు కొన్న యెద్దు—ఇవి యన్నియుఁ జెప్పుకొనవలెను. ఆ చెప్పుకొన్నదే నేఁడు మన కామె చరిత్రము. 1864వ సంవత్సరపు చట్టమును బట్టి నూఱు రూపాయలును నంతకు మించిన విలువయుఁ గల భూవిక్రయములకు రిజిస్ట్రేషను విధి యయ్యెను. కావున నింట మూలము నశించినను గచేరి పుస్తకములలో నకలు దొరకవచ్చును.

అయినను జాగ్రత్త వలయును. పత్రము “వ్రాయించి యిచ్చిన” దని యుండును. ఇది ప్రేరణార్థకము, ఆమె ప్రయోజకకర్త, వ్రాయసకాఁడు ప్రయోజ్యకర్త. మాటలు వానివి, చివర నున్న నిశాని యామెది. కొనువాఁడు తన హక్కు భద్రమగుటకై లేని యవసరమును వ్రాయించుటయుఁ గలదు. కావునఁ బెండ్లికని యమ్మినట్లున్నచోఁ బెండ్లిపద్దును, శిస్తునకనియున్నచో రసీదులను సరిచూడవలెను.

కాలనిర్ణయమునందును నట్లే. సంవత్సరనామ మఱువదేండ్లకు మరల వచ్చును. “నందన” యన్నంతనే 1832–33 నాఁటి గుంటూరు కరవని తలఁపరాదు, 1892–93యు నందనయే. తిథివారములను స్వామికన్ను పిళ్ళగారి గణితగ్రంథముతో సరిచూచిన సందియము తీఱును. మనుమరాలికి నాయనమ్మ పేరు పెట్టు నాచారముచే నొకే పేరు తరము విడిచి తరమున వచ్చును; భర్తపేరును బట్టి వేఱుపఱుపవలెను. పెండ్లితో నింటిపేరు మాఱును గనుకఁ బుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన భూమి పత్రమే యామె బాల్యమునకు దారి చూపును.

1956వ సంవత్సరపు హిందూ వారసత్వచట్టముతో స్త్రీకి సంపూర్ణస్వత్వము గలిగినది. అవసరమును జెప్పుకొను పనియుఁ దొలఁగినది. మేలే జరిగినది. క్రియయందు స్వాతంత్ర్యము గలవానిని గర్త యందుము. కాని యీ యిల్లాలు కర్తగా మనకుఁ గనఁబడుట స్వాతంత్ర్యముచేతఁ గాదు, దాని లోపముచేతనే. అంతేకాక, భర్త యుండఁగా నామె చేసిన చాకిరి కే పత్రమును లేదు. ముప్పదేండ్ల సంసారము వ్రాఁతకెక్కక, వైధవ్యమునందలి యొక్క దినము వ్రాఁతకెక్కినది. ఆ యొక్క దినమును జూచి యామె జీవిత మంతయు దుఃఖమే యనుటయుఁ బొరపాటు.

పంపకములయందు భూమి హక్కుపత్రములను దాఁచి, చెల్లిపోయిన మనోవర్తి కాగితములను విలువలేనివని పాఱవేయుదురు. పాఱవేయుటకు ముందు వాని యడుగున నిశాని యెవరిదో యొక్కమాఱు చదువుఁడు. ఆ తల్లి స్వయముగాఁ బెట్టిన గుర్తు లోకమున నదియొక్కటియే కావచ్చును.