చేలోకి యురేనియం వెదికేవాళ్లు వస్తే...

పొద్దున్నే గట్టు పక్కన జీపొకటి ఆగుతుంది. ఇద్దరు ముగ్గురు దిగి, చిన్న పెట్టె చేతబట్టుకుని వేరుశనగ చేనుకు అడ్డంగా నడుస్తారు. ఆ పెట్టె టిక్కు టిక్కుమంటుంది. రాళ్లు కొట్టి సంచుల్లో వేసుకుంటారు. బోరు నీళ్లు సీసాల్లో పట్టుకుంటారు. ‘ఏంటి సార్?’ అంటే ‘సర్వే’ అని చెప్పి వెళ్లిపోతారు. సాయంత్రానికి ఊళ్లో ‘మన భూములు పోతున్నాయంట’ అనే మాట పుడుతుంది.

2024 నవంబరులో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల దగ్గర ఇదే జరిగింది. అక్కడి రిజర్వు అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల గ్రామాలవాళ్లు రోడ్డెక్కారు. చివరికి అక్కడ బోర్లు వేయబోవడం లేదని ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి ఈ వెదుకులాట ఏమిటో, ఎక్కడిదాకా పోతుందో రైతు ముందే తెలుసుకోవడం మంచిది.

మన ప్రాంతంలో యురేనియం వెదికేది అణు ఖనిజాల డైరెక్టరేటు (ఎ.ఎం.డి.). దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. అక్కడి సున్నపురాతి జాతి రాయిలో టన్నుకు అరకిలో కూడా యురేనియం ఉండదు. అంటే తవ్విన రాయంతా దాదాపు వ్యర్థంగానే మిగులుతుంది. దాన్ని నిలవ చేసే చెరువు గురించే అసలు పేచీ. ఇక అరుదైన మట్టి ఖనిజాల మాట. ఇవి మోటార్లలో, ఫోన్లలో, గాలిమరల్లో వాడే అయస్కాంతాలకు కావాలి. అనంతపురం జిల్లా రాళ్లలో ఇవి ఉన్నట్టు హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు 2023లో చెప్పారు. ఉన్నాయని తేలడం వేరు, తవ్వితే గిట్టుబాటు కావడం వేరు.

వెదుకులాట మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట హెలికాప్టరుతో పైనుంచి చూస్తారు. తర్వాత కాలినడకన రాళ్లు, మన్ను, వాగు ఇసుక, నీళ్లు తీసుకుపోతారు. గుర్తులు గట్టిగా కనబడితేనే బోర్లు. ఈ దశలన్నీ దాటి గని దాకా వచ్చేవి కొన్నే. నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టు సంగతే చూడండి. నిక్షేపం తేలింది, 2003లో ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిగింది, గని మాత్రం రాలేదు. నల్లమలలో వెదకడాన్ని వద్దంటూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసింది.

పెట్టె పట్టుకుని నడిచినందువల్ల చేనుకొచ్చే నష్టం తొక్కుడు తప్ప ఏమీ లేదు. బోరు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఇది మనం వేసుకునే నీళ్ల బోరు లాంటిది కాదు. సన్నటి రంధ్రం వేసి, రాతిని కడ్డీలా కోసి పైకి లాగుతారు. వందల అడుగులు దిగుతుంది. దానికి నీళ్లు కావాలి, బురదకు గుంట కావాలి, లారీకి దారి కావాలి. పని అయ్యాక రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చాలి. అలా వదిలేస్తే పైపొర నీళ్లు, లోపలి పొర నీళ్లు కలిసిపోతాయి. లోపలి ఉప్పదనం మీ బోరులోకి రావచ్చు. ‘పూడ్చి పెట్టాం’ అని వాళ్లు చెబితే సరిపోదు, దగ్గరుండి చూడాలి. బురద గుంటను కూడా పూడ్పించి, పైమట్టి తిరిగి పరిపించుకోవాలి.

పరిహారం మాటేమిటి? 1957 గనుల చట్టం 24ఎ సెక్షను ప్రకారం లైసెన్సు పొందినవారు పొలంలోకి రావచ్చు. అయితే ఇంటిని ఆనుకున్న దొడ్డి, తోటలోకి రావాలంటే మీ అనుమతి గానీ, కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వక నోటీసు గానీ ఉండాలి. నష్టానికి పరిహారం భూమిపై అనుభవంలో ఉన్నవారికి చెల్లించాలి. ఇక్కడ కౌలుదారులు గమనించాల్సిన సంగతి ఉంది. చట్టం పట్టాదారు అనలేదు, అనుభవంలో ఉన్నవారు అంది. కానీ చేతిలో కాగితం లేని కౌలుదారు సంగతి మనకు తెలిసిందే. సాగుదారు హక్కు పత్రం ఉంటే తీసి పెట్టుకోండి. ఎ.ఎం.డి. లాంటి ప్రభుత్వ సంస్థకు వెదకడానికి లైసెన్సు అక్కర్లేదు. అందుకని ఎక్కడ, ఎన్ని బోర్లు, ఏ పంట పోతుంది, ఎంత ఇస్తారు అన్నవి పని మొదలవకముందే కాగితం మీద రాయించుకోవాలి. ఒక ప్రతి తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. వెదకడానికి ఇచ్చిన ఒప్పుకోలు భూమి ఇచ్చినట్టు కాదు. భూసేకరణ నోటీసు వేరే వస్తుంది. కాబట్టి ఖాళీ కాగితం మీద వేలిముద్ర మాత్రం వేయొద్దు.

ఇంకో మార్పు చాలామందికి తెలియదు. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఊళ్లో జరిపే ప్రజాభిప్రాయ సేకరణ నుంచి 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. ఒకప్పుడు ఆ సభలో లేచి నిలబడి అడిగే వీలుండేది. ఇప్పుడు ఆ అవకాశం పోయింది గనక రైతు తన లెక్క తానే రాసి పెట్టుకోవాలి.

ఆ లెక్కలో మొదటిది నీళ్లు. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు దగ్గరి కె.కె.కొట్టాల రైతులు బోర్లు చెడిపోయాయని, అరటి దెబ్బతిన్నదని ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ఇలాంటి తగాదాలో ఎవరైనా మొదట అడిగేది ఒకటే: గని రాకముందు నీ బోరు నీళ్లు ఎట్లా ఉండేవి? నోటిమాట చెల్లదు. పైగా రాయలసీమ రాతి నేలల్లో గనితో పని లేకుండానే కొన్ని బోర్లలో యురేనియం ఉంటుంది. తాగే నీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మించితే మొదట దెబ్బతినేది మూత్రపిండాలు. కాచి తాగితే అది పోదు, ఆర్.ఓ. యంత్రం మాత్రం తీసేస్తుంది.

జీపు కనబడగానే మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. మామూలు పరీక్షలో ఉప్పు, ఫ్లోరైడు, నైట్రేటు చూస్తారు. యురేనియం కావాలని పేరు పెట్టి అడగాలి. రిపోర్టు మీద తేదీ, సర్వే నంబరు, బోరు లోతు రాయించుకోండి. కాలాన్ని బట్టి అంకెలు మారతాయి గనక వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించాలి. పక్కపక్క చేలవాళ్లు నలుగురు కలిస్తే ఖర్చూ తగ్గుతుంది.